వదిన ఆల్చిప్పల చారు

మా వదిన పోయిందని ఉదయగిరి నుంచి పక్కింటామె ఫోన్ చేసింది. "నిద్రలోనే పొయ్యిందమ్మా. మీ అన్నయ్యకి చెప్పినాం. 'సరే, చారు కాచినాక ఆమెను ఇట్లా రమ్మను' అన్నాడు." ఆత్మకూరులో బస్సెక్కి కూర్చున్నాక గానీ ఆ మాటలోని వింత నాకు తట్టలేదు.

వదిన సముద్రం ఒడ్డున పుట్టి, సైన్సు టీచరుగా ఈ ఉదయగిరి కొండ కిందికి వచ్చింది. ఆల్చిప్పలు ఎరగని ఊరికి ఆల్చిప్పలు తెచ్చింది. నెల్లూరు బస్సులో ఆమె బుట్ట ఎక్కిందంటే చుట్టుపక్కల సీట్లు ఖాళీ. "మంచిదే, కాళ్లు చాపుకుంటా" అనేది. సోమశిల చేపలామె మంచినీళ్ల నత్తలు ఇవ్వబోతే, "నాకు ఉప్పునీళ్లవే కావాల" అని తిప్పి పంపేది.

ఆమె పాఠం నాకూ కంఠతా వచ్చు. కోసిన వంకాయ గాలికి నల్లబడుతుంది, నిలవ నూనె కంపు కొడుతుంది. అలా పాడవకుండా అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. ఆల్చిప్పల మాంసంలోనూ ఉన్నాయి. కిటికీలో రెండు నూనె సీసాలు పెట్టి, ఒకదానిలో ఆల్చిప్పల సారం కలిపి, వచ్చిన ప్రతివాళ్లకూ వాసన చూపించేది. కాఫీ ఆ తర్వాతే.

అన్నయ్య మతిమరుపు జబ్బులో పడ్డాక రోజూ మధ్యాహ్నం ఆ చారే తాగించేది.

"దీంతో తల బాగవుతుందా వదినా?" అని అడిగాను.

"నూనె సీసాలో చూసినాను అమ్మాయ్. మనిషి తలలో చూడలేదు. చూడందాన్ని ఉండాదని చెప్పను."

"మరి ఇంత తంటా ఎందుకు?"

"తాగతా ఉండాడు గదా! నువ్వు పెట్టి చూడు, మొహానే ఉమ్మేస్తాడు."

నిజమే. దినాలు ముగిసేసరికి అన్నయ్య బుగ్గలు లోపలికి పోయాయి. ఎవరు పెట్టినా పెదవులు బిగించేవాడు. ఇలాగే ఉంటే మనిషి దక్కడన్నాడు డాక్టరు. పొయ్యి వెలిగించకపోయినా మధ్యాహ్నానికి ఇల్లంతా సముద్రం వాసన వచ్చేది. "మీ వదిన వంటింట్లో ఉండాది" అనేవాడు అన్నయ్య, తేలిగ్గా.

చివరికి ఆల్చిప్పలు తెప్పించి, ముక్కు మూసుకుని నేనే చారు కాచాను. ఎండకు వీధి వీధంతా తలుపులు వేసుకుంది. మంచానికి కుడివైపు కూర్చుని స్పూను అందించాను. అన్నయ్య నన్ను చూడనైనా లేదు. ఎడమకు తిరిగి నోరు తెరిచాడు. గొంతు కదిలింది. మింగాడు. నా చేతిలో స్పూను నిండుగానే ఉంది. పెదవులు నాక్కున్నాడు.

"ఏమే, ఈ పూట ఉప్పెక్కువైంది" అన్నాడు, అటే చూస్తూ.

నా గిన్నెలోది రుచి చూశాను. ఉప్పు వేయడమే మరిచాను.

మీలో సైన్సు తెలిసినవాళ్లు నవ్వుకోండి. వదిన దగ్గర నేర్చుకున్నదాన్ని కనుక, జరిగినంతే చెబుతున్నాను. వంటింట్లో ఉప్పు కలుపుకుని, మంచం చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చి నిలబడ్డాను.

"వదినా, కాస్త జరుగు" అన్నాను.

మంచం కిర్రుమంది. నేను కూర్చున్నాను. అన్నయ్య నా చేతికేసి నోరు తెరిచాడు; గిన్నె ఖాళీ అయ్యేదాకా పెదవి బిగించలేదు.