సంచి దించి కూర్చున్న నర్సమ్మ

పోయిన మంగళవారం దంతాలపల్లిలో ఆశ వర్కర్ల మీటింగులో ఉండగా జనగామ నుంచి ఫోను వచ్చింది. నర్సమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది" అన్నది. ముందు షుగరు, తరువాత కిడ్నీలు. దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి ఆ ఇంట్లో అందరూ ఎప్పుడో అలసిపోయారు. ఫోను పెట్టేసి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా మా దవాఖాన సారు ఈ నెల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎన్ని అయ్యాయని అడుగుతున్నాడు. నర్సమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ విన్న ప్రశ్న అదే.

మా తండాల మీద తిరిగిన నర్సు ఆమె. సొంత ఊరు జనగామ దగ్గర. పేరు ఏమిటో తండాలో సగం మందికి తెలియదు. టీకాలకూ నర్సమ్మే, కాన్పులకూ నర్సమ్మే. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకు గోలీలు, ఇక చాలనుకునేవాళ్ళకు ఆపరేషను ముచ్చట, అన్నీ ఆమె భుజాన వేలాడే సంచిలోంచే మా గడపలకు వచ్చేవి.

మొదట్లో ఆమె కూర్చునేది కాదు. ఆ మాట ఆమె ముందు కూడా అన్నాను, కాబట్టి ఇక్కడ రాయడానికి నాకు భయం లేదు. గడప దగ్గర నిలబడి, సంచి భుజాన ఉండగానే చెప్పవలసింది చెప్పేసి వెళ్ళిపోయేది. ఆమెను మాత్రం ఏమనగలం? ఎన్ని తండాలు, ఎంత ఎండ!

తెలంగాణ కోసం ఊళ్ళన్నీ రోడ్ల మీద ఉన్న రోజులవి. నాకు పెద్దాపరేషనుతో ఆడపిల్ల పుట్టింది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, పాప పరుగెత్తే దాకా మరో కడుపు వద్దు, ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. పాప తప్పటడుగులు వేస్తున్నప్పుడు నర్సమ్మ వచ్చి నా చేతిలో గోలీల పట్టీ పెట్టింది. "రోజుకొక్కటి ఏసుకో బిడ్డా, మరువకు. అర్థమైందా?" అన్నది. పక్కనే మా అత్త బియ్యం చెరుగుతోంది. నేను తల ఊపాను. మా తండాలో పెద్దవాళ్ళు ఏం చెప్పినా కోడలు తల ఊపాలి. అది మర్యాద. అర్థమైందా కాలేదా అన్నది వేరే సంగతి. నర్సమ్మ ఆ ఊపును నమ్మి పక్కింటికి వెళ్ళింది.

నా పెనిమిటి అప్పుడు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపేవాడు. ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చి, రెండు రాత్రులుండి పోయేవాడు. ఆయన వచ్చినప్పుడే నేను గోలీ వేసుకునేదాన్ని. జ్వరం గోలీ జ్వరం వచ్చినప్పుడే కదా వేసుకుంటాం, ఇదీ అంతే అనుకున్నాను. అడగడానికి పక్కన అత్త. అడగవలసినది ఒకటుందని కూడా నాకు తెలియదు.

అంతలో తెలంగాణ సమ్మె వచ్చింది. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి. మా ఆయన ఇల్లు చేరి అక్కడే ఉండిపోయాడు. తండా అంతా రాష్ట్రం కోసం ఎదురుచూస్తుంటే నేను నా నెలసరి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది రాలేదు. తరువాత ఒకనాడు చేనులోనే రక్తం పోవడం మొదలైంది.

కబురు అంది నర్సమ్మ ఆటో తీసుకుని వచ్చింది. మానుకోట దవాఖానకు పోయే తొవ్వలో రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, టెంటు, డప్పులు. ఆమె దిగి, "మనిషి పోతాంది నాయినా, జర తొవ్వ ఇయ్యిండ్రి" అన్నది. డప్పులు ఆగాయి. రాళ్ళు తీసిన చేతులే ఆటోను కొంతదూరం నెట్టాయి కూడా. నా తల ఆమె ఒడిలో ఉంది. తరువాత నాకు ఎక్కించిన రక్తం గురించి, పోయిన కడుపు గురించి మెలకువ వచ్చాకే తెలిసింది.

దవాఖానలో వచ్చినవాళ్ళంతా నన్నే తిట్టారు. పదో తరగతి చదివినదానివి, గోలీ వేసుకోవడం రాదా అన్నారు. నర్సమ్మ మాత్రం మంచం పక్కన నేల మీద కూర్చుని, "ఎట్లెట్ల ఏసుకున్నవ్ బిడ్డా?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. ఆయన వచ్చిన దినాలే అన్నాను. జ్వరం గోలీ సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు.

మళ్ళీ ఎవరో నన్ను తిట్టబోతే, "ఆమెననకుండ్రి. నేను గడపల నిలవడి చెప్పి పోయిన. తలకాయ ఊపంగనె నా పని ఒడిసిందనుకున్న" అన్నది. అంత అలసిన గొంతు నేను అంతకు ముందు వినలేదు. నాకు ఏడుపొచ్చింది. నా తరఫున మాట్లాడిన మనిషి ఆ రోజు ఆమె ఒక్కతే.

ఆ తరువాత ఆమె ఏ ఇంట్లోనూ నిలబడి మాట్లాడలేదు. రాగానే "యాడీ, జర చాయ్ పెట్టు" అనేది అత్తతో. మా భాషలో ఆమె నేర్చుకున్న మాట అదొక్కటే, యాడి అంటే అమ్మ. అత్త పొయ్యి దగ్గరికి పోగానే సంచి దించి కోడలి పక్కన నేల మీద కూర్చునేది. నీ పెనిమిటి ఏడ పనిచేస్తడు, ఎప్పుడొస్తడు, నీకేం భయం, అని ముందు తానే అడిగేది. అన్నీ చెప్పాక, "నువ్వు మీ చెల్లెకు చెప్తున్నవనుకో, ఏమని చెప్తవు?" అనేది. ఆ పిల్ల తడబడితే మళ్ళీ మొదటి నుంచి. "చెప్పుడు పావు పనే, ఇనుడు ముప్పావు" అనేది నాతో. ఆశ వర్కరుగా నేను ఆమె వెంట తిరగడం మొదలుపెట్టిన రోజుల మాట ఇది.

ఇంటింటా ఆ తియ్యటి చాయ్ తాగక తప్పేది కాదు. "నా షుగరు మీ అత్తల పుణ్యమే" అని నవ్వేది.

ఆపరేషను క్యాంపుకు అత్త చెయ్యి పట్టుకుని తెచ్చిన ఒక పిల్లను పక్కకు పిలిచి మాట్లాడి, "ఈమెకు ఇప్పుడు ఇష్టం లేదు" అని వెనక్కి పంపింది. సారు అందరి ముందు కేకలేశాడు. ఆమె బయటికి వచ్చి నీళ్ళు తాగి, విసుగ్గా "యాష్టకొస్తాంది బిడ్డా" అన్నది. మరుసటి వారం మళ్ళీ సంచి వేసుకుని వచ్చింది.

రాష్ట్రం వచ్చిన రోజు తండాలో రంగులు చల్లుకున్నాం. ఆమె ముఖానికీ పూశాం. "మన రాష్ట్రం వచ్చె నర్సమ్మా!" అని ఎవరో అరిస్తే, "వచ్చింది బిడ్డా, సంతోషమే. ఇగ మీ కోడలేది, పిలువు" అన్నది.

ఆ మంగళవారం మేము జనగామ చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. తండాల నుంచి పోయిన ఆడవాళ్ళమంతా వెళ్ళగానే ఆమె పక్కన నేల మీద కూర్చున్నాం. ఆమెతో నిలబడి మాట్లాడే అలవాటు మాకు పోయి చాలా కాలమైంది.

మర్నాడు నా పని నాకు ఉంది. కాళ్ళు లాగుతున్నాయి, ఎండ ముదిరింది. తండా చివరి ఇంట్లో కొత్త కోడలికి గోలీల పట్టీ ఇచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పాను. అత్త పక్కనే ఉంది. పిల్ల తల ఊపింది. గడప దాటాను. ఇంకా కొన్ని ఇళ్ళు మిగిలి ఉన్నాయి. ఎందుకో వెనక్కి చూశాను. ఆ పిల్ల పట్టీని గుప్పిట్లో పట్టుకుని ఇంకా తల ఊపుతూనే ఉంది.

లోపలికి తిరిగి వచ్చాను.

"యాడీ, జర చాయ్ పెట్టు" అన్నాను.

అత్త పొయ్యి దగ్గరికి పోయింది. సంచి దించి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఆమె లోపలికి ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, ఆయన ఇంట్ల లేనినాడు గూడ ఏసుకోవాల్నా?"