అందరికీ నేర్పిన జవాబు

అనకాపల్లి శాఖా గ్రంథాలయంలో యంత్రాల మీద, ఫ్యాక్టరీల మీద ఉన్న పుస్తకాలు ఒక అర నిండా, ఇంకో అరలో సగం. వాటన్నిటినీ చదివినవాణ్ణి మా చక్కెర ఫ్యాక్టరీ మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ చదువుతోనే ఒకసారి మా మామని ముంచబోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చెరుకు రసం పాకమై గింజ కట్టే పెద్ద పాత్రకి, అదే మా పాన్‌కి, కంప్యూటర్ ప్యానెల్ పెడతామన్నారు. ఒక ఇంజనీరు నోటుపుస్తకంతో వచ్చాడు.

"అనుకోనిది జరిగితే మీరేం చేస్తారో చెప్పండి. దాన్నిబట్టే ప్యానెల్ తయారుచేస్తాను."

నాకు అనుమానం వచ్చింది. పనివాడి నేర్పు కాగితం మీదికెక్కితే పనివాడు గేటు బయటికే అని నేను చదివాను. మేం సీజన్ మనుషులం. ఏటేటా పిలుపొస్తేనే పని. పాన్ దగ్గర పాతికేళ్ళుగా నిలబడ్డ మామే ముందు పోతాడనిపించింది. అందుకని అందరికీ ఒకే జవాబు నేర్పాను.

"మేమేటీ ముట్టుకోం బాబూ. ఇన్‌చార్జీ గారిని పిలుత్తాం" అన్నాడు మామ, అమాయకంగా.

ఇంజనీరు నవ్వి రాసుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ట్రయల్ రోజు పాన్‌లో వాక్యూమ్, అంటే తక్కువ వేడికే పాకం ఉడికేలా గాలి లాగేసి ఉంచడం, పడిపోయింది. అలాంటప్పుడు మామ క్షణంలో ఆవిరి కట్టేస్తాడు. లేకపోతే వేడెక్కి గింజ కరిగిపోతుంది. ప్యానెల్ మాత్రం మేం చెప్పినట్టే చేసింది. వాల్వులన్నీ ఎవరు తిప్పినా కదలకుండా ఉన్నవి ఉన్నట్టు బిగించి, ఇన్‌చార్జి వచ్చి మీట నొక్కేదాకా ఆగింది. ఆయన ఎక్కడో మిల్లు దగ్గర ఉన్నాడు. వచ్చేసరికి పాన్‌లో ఉత్త పాకమే మిగిలింది.

మేనేజరు మామ మీద పడ్డాడు. "ఇంత అనుభవం పెట్టుకుని చూస్తూ నిలబడ్డావా? వచ్చే సీజన్‌కి నీ సంగతి ఆలోచించాలి."

మామ నావైపు తిరిగాడు. "నువ్వు సెప్తావా అల్లుడూ, నీ లైబ్రరీ సెప్తాదా?"

ఆ జవాబు నేర్పింది నేనేనని చెప్పాను. ఇంజనీరు కోప్పడలేదు, అది ఇంకా అనుమానంగా తోచింది. మామ పక్కన స్టూలు వేసుకుని మూడు రోజులు మళ్ళీ మొదటినుంచి రాసుకున్నాడు. ఆవిరి వాల్వుని మామ చేతికే వదిలి ప్యానెల్ మార్చాడు.

సీజన్ పిలుపు ఇద్దరికీ వచ్చింది. గేటు దగ్గర అడిగాను.

"అన్నీ సెప్పీసేవా మామా?"

"సెప్పీసేను. ఒకటి తప్ప."

"ఏటది?"

"నీకు సెప్తానేటి? సదువుకున్నోడివి."