బటన్ వదిలితేనే వినబడుతుంది

మా హవల్దారు పోయారు. పోయిన సోమవారం పొద్దున్న ఆ కబురు వచ్చేసరికి నేను అరకు అవతల ఒక సెల్ టవర్ మీద, నడుముకు బెల్టు తగిలించుకుని ఉన్నాను. పైన ఉన్నప్పుడు ఫోను తీయకూడదని రూలు. పిన్ని పేరు చూసి తీశాను.

"మీ బాబాయి ఎల్లిపోనాడ్రా," అంది.

నేను ఏదో అనబోయాను.

"గాలి సప్పుడు ఇనబడతాంది. పైనున్నావేటి? దిగు. దిగేక మాట్టాడు," అని పెట్టేసింది.

భర్త పోయిన పూట కూడా ముందు పైనున్నవాడిని క్షేమంగా కిందికి దింపాలన్న బుద్ధి ఆవిడకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆయనతో కాపురం చేసింది.

పిన్ని, బాబాయి అంటున్నానని చుట్టాలనుకోకండి. ఆయన మైదానంలోని మిషన్ చర్చి కుటుంబంలో పుట్టారు. నేను పెదబయలు పైన కొండల్లో పుట్టాను. పదో తరగతి తప్పి సాయుధ బలగంలో చేరితే, నన్ను తీసుకెళ్ళి ఆయన పక్కన వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చోబెట్టారు. అంతే మా బంధుత్వం.

ఆయన పోయిన సంగతి పేపర్లో రాలేదు. బలగం నుంచి ఒక పూలదండ రాలేదు. తుపాకీ పట్టినవాడు పోతే గాల్లోకి కాలుస్తారు. సెట్టు పట్టినవాడు పోతే ఏం చేస్తారో నేను ఇంతవరకు చూడలేదు. అందుకే రాస్తున్నాను. నాకు రాయడం ఎవరూ నేర్పలేదు. పకోడీ పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్న తెలుగు ఇది. గరుకుగా ఉంటే సర్దుకోండి.

తొంభైలు ముగిసి రెండువేలు వచ్చిన రోజులవి. మా క్యాంపు పెదబయలు దగ్గర ఒక గట్టు మీద ఉండేది. గుడారాలు, ఇసుక బస్తాల గోడ, మధ్యలో రేకుల షెడ్డు. ఆ షెడ్డే సెట్టు రూము. దాని పైన రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఏరియల్ తీగ. గాలికి తీగ ఊగితే షెడ్డులో కూర్చుని చెప్పేవారు హవల్దారు, "తూరుపు పక్క ముడి వదులయ్యింది, ఎల్లి బిగించు," అని.

పొద్దున్నే ఆయన మొదట చేసేది చేతులు తుడుచుకోవడం. చలికాలంలో పొగమంచు షెడ్డు లోపలికి కూడా వచ్చి అన్నిటి మీదా చెమ్మ పట్టేది. పాత బనీను గుడ్డతో బ్యాటరీ కొనలు తుడిచి, కాస్త వేజలీను రాసి, జనరేటరు తాడు లాగి, అది దగ్గి దగ్గి అందుకున్నాక కొండల మీది ఒక్కో పోస్టునూ సెట్టులో పిలిచేవారు. అవతల ఎవడున్నాడో గొంతు వినకముందే చెప్పేవారు. బటన్ నొక్కే తీరులో మనిషి తెలుస్తాడట. "ఈడికి ఇంకా టీ అందనేదు," అనేవారు. అడిగితే నిజంగానే అంది ఉండేది కాదు.

బ్యాటరీల్లో పోసే నీళ్ళు పై ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే వాన నీళ్ళు పట్టేవాళ్ళం. రేకుల మీంచి కారినవి పనికిరావు. నేరుగా ఆకాశం నుంచి పడాలి. కడిగిన డ్రమ్ము ఆరుబయట పెట్టి, మీద పలచని గుడ్డ కట్టేవారు. ఒకసారి మా వంటాయన ఆ నీళ్ళతో క్యాంపంతటికీ టీ పెట్టేశాడు.

"బేటరీల నీళ్ళు పోసీసేవేటయ్యా?" అన్నారు హవల్దారు.

"టీ ఎంత తేటగా వచ్చిందో సూడండి బావూ. గెడ్డ నీళ్ళకి ఈ రంగు రాదు."

హవల్దారు ఒక గుక్క తాగారు. "బాగుంది. రేపు బేటరీలు సచ్చిపోతే ఈ టీయే పోసి నడుపుదాం," అన్నారు. ఆ మర్నాటి నుంచి డ్రమ్ముకు కాపలా వంటాయనే.

తుపాకీలు పట్టుకుని కొండలు తిరిగేవాళ్ళకు మేమంటే చులకన. అందరికంటే ఎక్కువ విజయనగరం వైపు నుంచి వచ్చిన లాన్స్ నాయక్ ఒకడికి. మోకాళ్ళ దాకా బురదతో వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడేవాడు.

"కూకుని తినీవోల్లు లెగండి. నడిసొచ్చినోల్లకి సోటియ్యండి."

నాకు ఒళ్ళు మండేది. లేచి మీదికి వెళ్ళబోయేవాడిని. హవల్దారు బల్ల మీద పక్కకు జరిగేవారు. "రా నాయినా. నానూ కూకునే ఉన్నాను. ఇద్దరం కూకుందాం."

నాకు నోరు ఎక్కువ. సెట్టు మీద కూడా అంతే. ఆ సెట్ల తీరు ఏమిటంటే, బటన్ నొక్కి పట్టుకుంటే మాట్లాడగలం, వినలేం. వదిలితేనే అవతలి మాట మన చెవిన పడుతుంది. నేను నొక్కితే వదిలేవాడిని కాదు. వెనక నుంచి నెత్తి మీద చిన్న మొట్టికాయ పడేది. "నొక్కినంతసేపు నువ్వు సెవిటోడివిరా గుంటడా. సెప్పీసి ఒదిలీ."

ఇంకొకటి, తిరిగి చెప్పించుకోవడం. ఏ కబురైనా విన్నవాడు విన్నది విన్నట్టు తిరిగి చెబితేనే అది చేరినట్టు. ఆ అలవాటు ఇంటి దాకా పాకింది. పాడేరులో ఎస్టీడీ బూతు నుంచి పిన్నికి ఫోను చేసి, చివర "ఏటి విన్నావో తిరిగి సెప్పు," అనేవారు. బూతు బయట లైనులో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. పిన్ని నాతో అనేది, "ఉప్పు తెమ్మంటే ఉప్పు అని తిరిగి సెప్తాడు నాయినా. సెప్పీసి సింతపండు తెస్తాడు."

ఊళ్ళకు, కొండలకు సెట్టు మీద అసలు పేర్లు వాడకూడదు. మారుపేర్లు ఉండేవి. అవి ప్రతి సోమవారం మారేవి. ఒక వర్షాకాలం అన్నీ కూరగాయలే. ఈ వారం ఒక కొండ వంకాయ అయితే, వచ్చే వారం వేరే కొండ వంకాయ. "ముల్లంగి దగ్గర ఆగాం, బెండకాయ వైపు వెళ్తున్నాం," అని పోస్టుల వాళ్ళు చెబుతుంటే వంటాయన షెడ్డు బయట నిలబడి, "మరి మనకి ఎప్పుడొస్తాయి బావూ?" అనేవాడు.

ఆ వర్షాకాలమే గస్తీకి వెళ్ళాం. ఆదివారం క్యాంపు వదిలాం. సెట్టు నా వీపు మీద. మంగళవారం పొద్దున్న ఒక కొండవాగు, మా మాటలో గెడ్డ, దాటబోతుంటే లాన్స్ నాయక్‌కి చలిజ్వరం పట్టి కూలబడ్డాడు. మిగతావాళ్ళు, "నువ్వు సెట్టుతో ఇతని దగ్గరుండు, మేం అవతలి పోస్టు నుంచి మనుషులను తెస్తాం," అని గెడ్డ దాటారు. వాళ్ళు అలా వెళ్ళారో లేదో పైన కురిసిన వాన అంతా దిగింది. గెడ్డ ఎర్రగా పొంగింది. నీళ్ళు మా కాళ్ళ దాకా వస్తుంటే అతన్ని భుజాన వేసుకుని పైకి నడిచాను. పొగమంచులో ఎటు నడిచానో నాకే తెలియలేదు. ఒక బండ కింద దింపి చూస్తే అతను నన్ను గుర్తుపట్టడం లేదు. సెట్టు చూస్తే తడిసింది. బ్యాటరీ ముల్లు అడుగున ఉంది.

బటన్ నొక్కి అరిచాను. మనిషి చచ్చిపోతున్నాడు, ఎవరినైనా పంపండి, అందరూ ఏం చేస్తున్నారు అని ఏవేవో అన్నాను. ఊపిరి ఆడక బటన్ వదిలాను. అప్పుడు వినబడింది ఆయన గొంతు.

"నోరు మూసీ."

నేను మూశాను.

"నీ బేటరీ పోతాంది. ఇక్కడికి తెలస్తాంది. ఇంక మాట నేదు. ఇనడానికి బేటరీ అట్టే తినదు, మాట్టాడితేనే తినేస్తాది. నానడుగుతాను. ఔనైతే ఒక నొక్కు. కాదైతే రెండు. నొక్కి ఒదిలీడమే. తెలిసిందా?"

ఒకసారి నొక్కాను. అవతల ఆయనకు అది 'టక్' మని వినబడుతుంది.

"ఆడు బతికున్నాడా?" ఒకటి. "మాట్టాడతన్నాడా?" రెండు. "వంకాయ నీకు ఎడం పక్కనుందా?" మంచు కొంచెం విడితే చూసి, ఒకటి నొక్కాను. "ముల్లంగి దాటేవా?" ఒకటి.

తర్వాత అన్నారు, "ఒరే, వంకాయ ఎడంపక్కనుండి ముల్లంగి దాటినోడు గెడ్డకి రెండు పక్కలా ఒకేపాలి నిలబడాల. పోయిన వారం పేర్లు పట్టుకున్నావేటి?"

నిన్న సోమవారం. పేర్లు మారాయి. కొత్తవి బయల్దేరే ముందే నాకు బట్టీ పట్టించి పంపారు. జ్వరం అతనికి వస్తే తెలివి నాకు తప్పింది. ఒకసారి నొక్కాను.

సెట్టులో నవ్వు వినబడింది. ఆ వానలో, ఆ మనిషి అలా పడి ఉండగా, ఆయన నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపానికే లేచి చుట్టూ సరిగ్గా చూశాను.

"సరే, ఇద్దరం పాత పేర్లతోనే ఎల్దాం," అన్నారు. మళ్ళీ మొదటి నుంచి అడిగారు. పొడుగు బండ కనబడుతోందా, కాఫీ తోట అంచు కుడి పక్కనా, నీళ్ళ చప్పుడు కింద నుంచా, పోనీ పక్క నుంచా. అవును, కాదు, కాదు, అవును. నేనెక్కడున్నానో నాకంటే ముందు ఆయనకు తెలిసింది.

"కిందన ఊరి పొగ కనబడతాందా?" ఒకటి. "అది మీవోల్ల ఊరే గదా? ఆల బాస నీకొచ్చు గదా?"

వేలు కదల్లేదు. బలగంలో చేరినప్పటి నుంచి సంతలో మా వాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. నేనూ అటు చూడటం మానేశాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. తొందరపెట్టలేదు. చివరికి ఒకసారి నొక్కాను.

"ఎల్లి డోలీ అడుగు. తుపాకీ ఈపుకి తగిలించీ. సేతులు రెండూ కనబడాల. ముందు కేకెయ్యి, తరవాత ఎల్లు."

అతన్ని బండ కిందే పడుకోబెట్టి దిగుతుంటే సెట్టులో టక్, టక్, టక్. మూడు. మేం అనుకున్న లెక్కలో మూడు లేదు. ఆయన దగ్గర బ్యాటరీకి కొదవ లేదు, మాట్లాడొచ్చు. మాట్లాడలేదు. కాసేపటికి మళ్ళీ మూడు. అప్పుడు నాకు అర్థమైంది. 'ఉన్నాను' అంటున్నారు. నేనూ మూడు నొక్కాను.

ఊళ్ళో ఒక ముసలాయన గుమ్మంలోంచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఇప్పుడు మా భుజాలు కావలసొచ్చాయా?" అన్నాడు మా భాషలో. అంటూనే చూరులోంచి వెదురు కర్ర లాగుతున్నాడు. దుప్పటి కట్టి డోలీ చేశారు. నలుగురు బండ దాకా ఎక్కి అతన్ని మోశారు. దారి పొడుగునా ఎవరూ నాతో మాట్లాడలేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి జీపు సరిగ్గా అక్కడే నిలబడి ఉంది. జ్వరం తలకెక్కిందని, బేగి తెచ్చారు కాబట్టి బతికాడని పాడేరు డాక్టరు చెప్పాడు.

నేను క్యాంపుకు వస్తే హవల్దారు అడిగింది ఒక్కటే. "సెట్టు బాగా తడిసిందేటి?" విప్పి, ఆ బనీను గుడ్డతోనే తుడుస్తూ కూర్చున్నారు. తర్వాత మెప్పులు వచ్చాయి. గస్తీ పార్టీకి వచ్చింది, జీపు డ్రైవరుకు వచ్చింది. డోలీ మోసినవాళ్ళ మాట లేదు, రేకుల షెడ్డు మాట లేదు. నేను షెడ్డు అదిరేలా అరిచాను.

"తీగ తెగితే గదా తీగ గుర్తొస్తాది," అన్నారు ఆయన. "ఈ పాలి తెగనేదు. ఆ ఊరికి ఉప్పు, దుప్పట్లు అట్టుకెల్దాం. నువ్వూ రా." వెళ్ళాం. ఆ ఊళ్ళో నాతో మాట్లాడటం ఆ రోజు మొదలైంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన లాన్స్ నాయక్ ఒకనాడు నెత్తిన పనసపండుతో షెడ్డులోకి వచ్చాడు. దాన్ని బల్ల మీద దింపాడు. "కూకుని తినండి," అని వెళ్ళిపోయాడు.

రిటైరయ్యాక ఆయన అరకులో చర్చి పైవీధిలో ఇల్లు తీసుకున్నారు. నేను నా నోటి వల్లే బలగం వదిలి టవర్లు ఎక్కడం మొదలుపెట్టాను. అప్పటి నుంచే ఆయన నాకు బాబాయి. ఆదివారం వెళితే, "పైనుంచి ఏటి కనబడతాంది?" అని అడిగేవారు. చెప్పేవాడిని. నేను చెప్పింది తిరిగి చెప్పేవారు, ఒక్క కొండ తప్పకుండా.

పోయిన వానల్లో పక్షవాతం వచ్చి ఆయన మాట పోయింది. చూడటానికి వచ్చినవాళ్ళు చెవి దగ్గర అరిచేవాళ్ళు. మాట పోయినవాడికి చెవులు కూడా పోయాయనుకుంటారు జనం. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చుని, "టీ తాగేవా బాబాయ్?" అన్నాను. మంచం పట్టె మీద ఆయన వేలు ఒకసారి కొట్టింది. "ఈల్లందర్నీ పంపీమంటావా?" గట్టిగా ఒకటి. "నానెక్కువ మాట్టాడతన్నానా?" నేను అడగడం పూర్తి కాకముందే ఒకటి. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మట్టి చేసిన రోజు చిన్న జల్లు పడుతోంది. బలగం నుంచి పూలదండ రాలేదని అన్నాను గదా. మనిషి మాత్రం ఒకడు వచ్చాడు. కిరండూల్ రైలు దిగి, తడిసిన చెప్పులతో, జుట్టు నెరిసిన లాన్స్ నాయక్. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక గుప్పెడు మట్టి వేసి, వంగి, మెల్లగా అన్నాడు.

"కూకో హవల్దారు బావూ. ఎవులూ లెగమనరు ఇంక."

మర్నాడు పొద్దున్న నేను వాళ్ళ అరుగు మీద ఆయన మంచం మీదే కూర్చున్నాను. పొగమంచుకు ఎదురిల్లు కనబడటం లేదు. పిన్ని లోపల టీ పెడుతూ మాట్లాడుతోంది.

"పొద్దున్న ఈ ఏలకి పట్టె మీద మూడేసిపాల్లు కొట్టీవోడ్రా. నీల్లా అంటే రెండు కొట్టీవోడు. దుప్పటా అంటే రెండు. ఆకరికి ఇసుగొచ్చి నానూ గరిటితో గిన్ని మీద మూడు కొట్టేను. అప్పుడు ఊరుకున్నాడు. రోజూ అదే బాగోతం. అదేటో నాకు తెల్దు."

పోస్టులను పిలిచే వేళ అది. "ఉన్నాను అని, పిన్నీ," అన్నాను.

లోపల మాట ఆగింది. కాసేపటికి గరిటె గిన్నె అంచు మీద మూడుసార్లు తగిలింది. అలవాటున కొట్టిందో, కావాలనే కొట్టిందో. కొట్టి, ఆగింది.

నేను మంచం పట్టె మీద వేలితో మూడుసార్లు కొట్టాను.

లోపల గరిటె మళ్ళీ కదిలింది.