ఎలుక తుమ్ము, అత్త శకునం

నా ఉద్యోగం ఎలుకలకు తుమ్ము తెప్పించడం. కర్నూలులో మా పరిశోధనశాలలో ఆడ ఎలుకకు మత్తిచ్చి, దాని మీసం వెంట్రుకే ఒకటి ముక్కులో ఆడిస్తే తుమ్ముతుంది. అప్పుడు మూత్రం జారిందా లేదా అని చూస్తాం. కాన్పులో ఆడవాళ్లకు మూత్రం ఆపే కండరాలు దెబ్బతింటాయి. ఆ దెబ్బను ఎలుకలో చిన్న బెలూనుతో కల్పించి, అది మానే దారి వెతుకుతాం.

మా అత్తది కడప పక్క నేత కుటుంబం. నలుగురు పిల్లల్ని కన్నది, మగ్గం గుంటలోనే సగం జీవితం గడిపింది. నా పని సంగతి విని, చేతిలో నూలు కండె పక్కన పెట్టి మరీ నవ్వింది.

"ఎలుక ఉచ్చ చూసేదానికా తల్లీ, మీ నాయన నిన్ను అంత సదివించింది?"

ఆ మాట చుట్టాలందరికీ చేరవేసింది కూడా. ఊరుకుంటానా? నాకూ ఆమెను ఏడిపించడానికి తుమ్ము శకునం ఉంది. బయల్దేరేటప్పుడు తుమ్మితే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వెళ్లడం అందరూ చేసేదే. మా అత్త చాదస్తం ఇంకో మెట్టు పైన. తుమ్మిందంటే లోపలికి వెళ్లి చీర మార్చుకుని గానీ గడప దాటదు.

"శకునం చీరకు గూడా అంటుకుంటాదా అత్తా?" అనేదాన్ని.

"పెద్దోళ్లు పెట్టిన ఆచారమమ్మా, నీకేం తెలుసు!" అనేది.

పోయినేడు ఇద్దరం శ్రీశైలం బయల్దేరాం. మల్లన్న దర్శనం ఆమెకు ఎన్నేళ్ల మొక్కో. కర్నూలు బస్టాండులో బస్సు మెట్టు మీద కాలు పెట్టి, అత్త తుమ్మింది. కాలు కిందికి దించేసింది.

"నేను రానుమ్మా. నువ్వు పోయిరా."

నాకు ఒళ్లు మండింది. "తుమ్ముకు జడిసి దేవుణ్ణే వదులుకుంటావా?" అని చెయ్యి పట్టి లాగాను. ఆమె కదల్లేదు. సంచిని పొట్టకు అడ్డం పెట్టుకుని నిలబడింది. సంచి కింద కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి.

బస్సు వెళ్లిపోయింది. ఆడవాళ్ల గదిలో ఆమె చీర మార్చుకుంటుంటే దుప్పటి అడ్డం పట్టుకున్నాను. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి నవ్వినందుకు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఎన్నాళ్ల నుంచి అత్తా?"

"కడగొట్టోడు పుట్టినప్పటి నుంచి."

కడగొట్టువాడంటే నా మొగుడే.

"దీనికి వ్యాయామాలుండాయి, డాక్టర్లుండారు. నాకొక మాట చెప్పొచ్చు గదా!"

ఆమె కుచ్చిళ్లు దోపుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"ఎలుకల్ని దినామూ చూస్తాండావు. నన్నొకసారన్నా అడిగినావామ్మా?"