ఎల్వీరా గారి ఏడు గుర్రాలు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్ల ఏ ఇంటికి వెళ్లినా హాల్లో దక్షిణపు గోడ మీద ఏడు తెల్లగుర్రాలు పరిగెత్తుతుంటాయి. వెనకాల సూర్యోదయం ఉండాలి. కళ్లాలు ఉండకూడదు. మూతులు ఇంట్లోకే తిరిగి ఉండాలి, వీధి వైపు తిరిగితే ఉన్న లక్ష్మి కూడా వెళ్లిపోతుందట. ఆ గుర్రాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిలో సగం గీసింది ఎల్వీరా హిగా అని తెలుసు కాబట్టి మరీ మండుతుంది.

ఎల్వీరా తండ్రి జపాన్ నుంచి పెరూ వెళ్లి మంగలి షాపు పెట్టుకున్నవాడు. తల్లి అక్కడి కొండ ఊళ్లో పుట్టిన పెరూ మనిషి. జపాన్‌తో యుద్ధం రోజుల్లో అమెరికా వాళ్లు పెరూలో ఉన్న జపనీయులను ఓడలెక్కించి తెచ్చి, దక్షిణ టెక్సాస్‌లో ముళ్లకంచె వెనక శిబిరంలో పెట్టారు. తామే ఎత్తుకొచ్చి, తామే మీరు వీసా లేకుండా వచ్చారని రాసుకున్న పెద్దమనుషులు వాళ్లు. తల్లి కావాలంటే పెరూలో ఉండిపోవచ్చు. భర్తను వదల్లేక పిల్లను చంకనేసుకుని వెంట వచ్చింది. ఓడలో వాళ్ల కాగితాలూ ఫొటోలూ లాక్కున్నారు. తిరిగి ఇవ్వలేదు. ఎల్వీరాకు ఏడేళ్లప్పుడు తల్లి ఆ కంచెలోనే జబ్బు చేసి పోయింది.

తర్వాత తండ్రి పొలాల్లో కూలికి కుదిరాడు. ఎల్వీరా డాలస్‌లో దుకాణాలకు బోర్డులు రాస్తూ, సాయంత్రాలు బడికి వెళ్లి బొమ్మలు నేర్చుకుంది. పెళ్లయింది, భర్త ముందే పోయాడు, పిల్లలు లేరు. తనకోసం వేసుకున్న బొమ్మల్లో అంతా టెక్సాస్ దుమ్మూ, ఎండిన గడ్డీ, ఎండలో నిలబడ్డ మనుషులూ. గ్యాలరీ వాళ్లకు చూపిస్తే ఒకరు ఇందులో జపాన్ ఏదమ్మా అన్నారట, ఇంకొకరు కొంచెం పెరూ రంగులు వేసి తీసుకురమ్మన్నారట. ఆవిడ ఇవి చెప్పి నవ్వేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

2004లో మా అమ్మాయి నైనికను ఆవిడ గరాజ్‌లో నడిపే పెయింటింగ్ క్లాసులో చేర్పించాను. అలా పరిచయం. మనవాళ్లు ఆవిడను చైనా ఆంటీ అనేవారు. చైనా కాదని నేను చెబితే, ఏదో ఒకటి లెండి, కళ్లు అలాగే ఉన్నాయిగా అనేవారు. ఓసారి క్లాసుకు వచ్చిన ఒక తల్లి ప్రింటు తీసుకొచ్చిన గుర్రాల బొమ్మ చూపించి ఇలాంటిది వేస్తారా అని అడిగింది. ఆవిడ వేసింది. ఇక పుట్టలోంచి చీమలు వచ్చినట్టు వచ్చారు. గృహప్రవేశం అంటే ముందు పురోహితుడు, తర్వాత ఎల్వీరా.

ఆ వరసలో వచ్చినవాడే రాజారావు. కన్సల్టెన్సీ నడిపేవాడు, పక్కన ఇళ్ల వ్యాపారం. 2008లో కొత్త ఇల్లు కట్టాడు. గుర్రాల గోల మామూలు జనానికి, మనది క్లాసు అని చూపించుకోవాలనే కుతి. పది మంది అతిథుల ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని, మీరు ఆర్టిస్టు, మీ మనసులో ఉన్నది వేయండి, అంత గోడా మీదే అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ మాట మొదటిసారి చెవిన పడింది. నమ్మేసింది.

ఆ ఏడాదంతా ఆవిడ గుర్రాలు వేయలేదు. గోడంత కాన్వాసు మీద ఆ కంచె వేసింది. అటూ ఇటూ దుమ్ము, దూరంగా రేకుల షెడ్లు. ఎడమ చివర కంచె పట్టుకుని ఒక ఆడమనిషి, మన వైపు ముఖం తిప్పి నిలబడి ఉంది. వాళ్లమ్మ. ఆ ముఖంలో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. పిల్ల ఎక్కడుందా అని వెతుకుతున్న చూపు, అంతే. తల్లిని ఇంతకుముందెప్పుడూ వేయలేదని, వేస్తే ఒక్కసారే వేయాలనుకున్నానని ఎల్వీరా చెప్పింది.

రాజారావు గోడ మీద అది మూణ్ణెల్లు కూడా లేదు. ఆర్థికమాంద్యం వచ్చి కన్సల్టెన్సీలో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నవాళ్లు పెరిగారు. అతని భార్య ఉమ విజయవాడ సిద్ధాంతిగారికి స్కైప్‌లో ఇల్లంతా తిప్పి చూపించింది. ఇంట్లో దిక్కులేని ఆడదాని బొమ్మ, పైగా కంచె, ఇక లక్ష్మి ఎలా వస్తుందమ్మా అన్నాడాయన. గాడిదకేం తెలుసు గంధపు చెక్క వాసన? రాజారావు ఎల్వీరాను పిలిచి, దాని మీదే గుర్రాలు వేసేయమన్నాడు. వేయకపోతే ఇంకో పెయింటర్ చేత వేయిస్తానని కూడా నవ్వుతూనే అన్నాడు.

నేను వద్దన్నాను. కొని తిరిగి తెచ్చేసుకుందామన్నాను. ఒకసారి గోడకెక్కింది కదా, దిష్టితో సహా బయటికి పోకూడదు, గుర్రాల కిందే అణిగిపోవాలి అని సిద్ధాంతి చెప్పాడట. రాజారావు అమ్మనన్నాడు. చివరికి ఎల్వీరాయే ఒప్పుకుంది. తిరిగి వస్తూ కార్‌లో నాకు చెప్పింది.

"వేరేవాడు వేస్తే అమ్మ పోతుంది. నేను మధ్యలో వార్నిష్ దట్టంగా పూసి, పైన తేలిగ్గా ఊడే రంగు వేస్తాను. ఎప్పుడో ఒకరోజు దూదితో తుడిస్తే అమ్మ కింద అలాగే ఉంటుంది."

తన తల్లి ముఖం మీద తన చేత్తోనే మట్టిరంగు పూసుకుంది. కుడి వైపు ఏడు గుర్రాలు, ఎడమ వైపు అవి తొక్కి లేపిన దుమ్ము. రాజారావు దాని ముందు ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మనవాళ్లు లైకులు కొట్టారు. నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు.

2015 వసంతంలో ఒక మ్యూజియం వాళ్లు ఆ శిబిరాల మీద ప్రదర్శన పెడుతూ ఎల్వీరాను వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ దగ్గర ఆ బొమ్మ ఫొటో కూడా లేదు. గుర్రాలు వేసిన సంగతి చెప్పి, కింద ఉంది, తీయగలను అంది. కబురు రాజారావుకు చేరింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టే రకం కదా, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు.

"జయంతి గారూ, ఆంటీని తీసుకురండి. క్లీన్ చేసేద్దాం. కింద మా పేరు పెడితే చాలు, ఫ్రీగా డొనేట్ చేస్తాం."

సిద్ధాంతిగారిని అడిగారా అన్నాను. గురువారం ఉదయం మంచిదన్నారట.

అప్పటికి వాళ్లు ఇంకా పెద్ద ఇంటికి మారారు. డెబ్బై ఏడేళ్ల ఎల్వీరా దూది, రంగు కరిగించే ద్రావకం సీసా, గీకే చిన్న చాకు సంచిలో పెట్టుకుని, శుభ్రమైన తెల్లచొక్కా వేసుకుని వచ్చింది. బొమ్మ రెండు కిటికీల మధ్య ఉంది. ఆవిడ దాని ఎదురుగా నిలబడి కాసేపు చూసింది. దగ్గరికి వెళ్లి ఎడమ అంచు మీద వేళ్లు పెట్టింది. ఫ్రేము కొత్తది. మిగతాది ఎక్కడ అని ఇంగ్లీషులో అడిగింది.

ఉమ నా వైపు తిరిగింది. ఈ గోడ చిన్నది కదండీ, పట్టలేదు, ఫ్రేములవాళ్ల చేత కొంచెం కట్ చేయించాం అంది. రాజారావు సర్దిచెప్పబోయాడు.

"ఆ ముక్కలో గుర్రాలేం లేవండీ. ఒట్టి దుమ్మే. అందుకే ట్రాష్‌లో వేసేశాం."

నేను ఆ మాట ఆవిడకు ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. అక్కర్లేకపోయింది. దూది తడిపి, చివరి గుర్రం కాళ్ల దగ్గర అరచెయ్యంత మేర తుడిచింది. ముళ్లతీగ బయటపడింది, నిన్న గీసినంత స్పష్టంగా. వార్నిష్ తన పని తను చేసింది. ఆవిడ సీసాకు మూత బిగించి సంచిలో పెట్టుకుంది.

అప్పుడు రాజారావు అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. మీకు గుర్తుంటుంది కదా ఆంటీ, ఇంకో ముక్క మీద మళ్లీ వేసి అతికించేద్దాం, మ్యూజియం వాళ్లకేం తెలుస్తుంది అన్నాడు. మనిషి మీద అంత రోత నాకు ఎప్పుడూ పుట్టలేదు. నోటికి వచ్చినవన్నీ అనేశాను. ఉమ చెవులు మూసుకుంది, అతను మాత్రం, జస్ట్ ఐడియా చెప్పానండీ అన్నాడు.

ఎల్వీరాను కార్‌లో ఎక్కించుకుని బయటపడ్డాను. హైవే ఎక్కాం. నేనే, పోనీ మెల్లగా మీకోసం మళ్లీ వేసుకోండి, మ్యూజియం కోసం కాదు అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది.

"అమ్మ ముఖం ఆ బొమ్మలో పెట్టేశాక ఇక నేను మోయక్కర్లేదనుకున్నాను జయంతీ. ఇప్పుడు వెతుకుతున్నాను. దొరకడం లేదు."