సుమతి విమానానికి ఇయర్‌ఫోన్లు

ప్రెస్ మిషన్ కాడ సుమతికి పని నేర్పింది నేను. కంపెనీ మాత్రం ట్రైనింగుకని ఆమెను విమానంలో పుణె పంపిస్తా ఉంది. విమానం మోత వినపడని ఇయర్‌ఫోన్లు కావాలని, ఈ రోజు షిఫ్టు అయినాక నన్ను హోసూరు బజారుకు పిలుచుకోని పోయింది. పెట్టుకోని చూద్దామంటే అంగట్లో మోత యాడుంది? అంగడాయన్ను అడిగి ఒక జత తీసుకోని, పక్కనే రాగులాడించే మిషన్ కాడికి పోయినాము.

"నువ్వు పెట్టుకోని చెప్పక్కా."

పెట్టుకున్నాను. మిషన్ తిరుగుతానే ఉంది, శబ్దమే లేదు. ప్రెస్ మోతకు ఎనిమిదేండ్లుగా దూది పెట్టుకొనే నా చెవులకు అది కొత్త. తీసి ఇచ్చేసినాను.

"మోత వస్తానే ఉందమ్మా, వద్దు."

ఆ పిచ్చిది నమ్మేసింది. "అయితే మన దూదే పెట్టుకుంటాలే అక్కా" అనింది.

ఇప్పుడు చెప్పండి, రేపు పోయి అవి నేను కొనుక్కుంటే, ఆమెకు తెలీకుండా యాడ పెట్టుకునేది?