ఒతీలియా పుస్తకంలో లిబ్రాదో తప్పులు

మా చక్కెర మిల్లు బేస్‌బాల్ జట్టులో పన్నెండేళ్ళు రెండో బేస్ దగ్గర నిలబడ్డాను. గొప్పగా ఆడానని మీ దగ్గర కోతలు కొయ్యలేను. మా ఆటల లెక్కలు ఒతీలియా రాసిన పుస్తకాలు ఇంకా ఉన్నాయి, నా బండారమంతా వాటిలో ఉంది. పదిసార్లు బ్యాటు పట్టుకుంటే రెండుసార్లు కొట్టేవాణ్ణి. పెళ్ళికి ముందు మా ఆవిడతో మూడుసార్లని చెప్పాను. పెళ్ళయిన నెలకే ఆమె వెళ్ళి ఒతీలియాను అడిగి నిజం తెలుసుకుంది. ఒతీలియాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆమె బతుకంతా దానివల్లే అలా అయిందని నాకు ఇప్పటికీ కోపం.

వారమంతా ఆమె మిల్లు లాబులో పనిచేసేది. బండ్ల మీద వచ్చిన చెరుకులో తీపి ఎంతుందో గాజు గొట్టాల్లో చూసి కాగితం మీద వేసేది. ఆదివారం పొద్దున్నే జుట్టు బిగించి ముడేసుకుని మైదానానికి వచ్చి, బ్యాటు పట్టుకునేవాడి వెనక కంచె దగ్గర బల్ల వేసుకుని ఆట రాసేది. అంతకుముందు ఆ పని వాళ్ళ నాన్నది. ఆయన చూపు మందగించాక పందొమ్మిదేళ్ళ పిల్ల ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఎవరు కొట్టారు, ఎవరు పట్టారు, ఎవరు వదిలారు, అన్నీ రాసేది. ఒక్క బంతి కూడా ఆమె పెన్సిలును తప్పించుకుని పోయేది కాదు.

మా మైదానంలో ఒక అలవాటుండేది. బంతి ఎవరి చేతిలోంచైనా జారితే ఆడేవాళ్ళం, చూసేవాళ్ళు అందరం ఒతీలియా వైపు తిరిగేవాళ్ళం. ఆమె అరచెయ్యి చాపితే అది హిట్టు. ఎవరూ ఆపలేని బంతి, కొట్టినవాడి గొప్ప. పిడికిలి బిగిస్తే అది తప్పు. ఆపాల్సిన బంతి, వదిలినవాడి నెత్తిన పడుతుంది. ఆ చెయ్యి లేచాక ఇక ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

నోరెత్తకపోవడానికి కారణం ఫెర్మిన్. మా క్యాచరు, అంటే బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టేవాడు, లావుపాటి మనిషి. బ్యాటు పట్టుకుంటే గాలిని కొట్టేవాడు, ఊరంతా నవ్వేది. వాణ్ణి జట్టులోంచి తీసేద్దామనుకుంటుండగా ఒతీలియా తన పుస్తకం తెచ్చి మా కెప్టెన్ ముందు పెట్టింది. ఫెర్మిన్ కొట్టడు గానీ చెడ్డ బంతిని ముట్టుకోడు, అలాంటివి నాలుగు పడితే బేస్ ఊరికే ఇస్తారు, అందుకని పదిసార్లలో నాలుగుసార్లు ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్ చేరుతున్నాడని లెక్క చూపించింది. మనం ఎగబడి చప్పట్లు కొట్టే వీరులు మూడుసార్లు కూడా చేరడం లేదని కూడా చూపించింది. కెప్టెన్ గొణుక్కుంటూనే ఫెర్మిన్‌ను అందరికంటే ముందు బ్యాటుకు పంపాడు. ఆ ఏడు జిల్లాలో మేమే గెలిచాం. మేం కళ్ళతో చూసీ చూడలేనిది ఆమె పెన్సిలు చూసింది. అప్పట్నుంచి ఆమె పుస్తకమంటే మాకు బైబిలంత భయభక్తి.

ఇక లిబ్రాదో. చెరుకు రైలు బోగీల్లోకి మోపులెత్తే మనిషి, మాట తక్కువ. ఆటలో షార్ట్‌స్టాప్, అంటే రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య, నా పక్కనే. పక్కనే నిలబడ్డవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? బ్యాటు కదలకముందే ఆ మనిషి కదిలేవాడు. ఇక పోయిందిలే అని మేం చేతులు దించేసిన బంతికి అతను అడ్డం పడేవాడు. నా వైపు రావాల్సినవి సగం అతనే పట్టేవాడు, నా పరువు కూడా కాపాడేవాడు.

ఆట అయ్యాక ఒతీలియా బల్ల దగ్గర నిలబడి, పుస్తకం చూస్తున్నట్టు నటించేవాడు. ఆమె కాగితంలో చుట్టి తెచ్చుకున్న జామపండు హల్వా, జున్ను ముక్క విరిచి సగం ఇచ్చేది. అంతే. ఇద్దరూ చెయ్యి కూడా పట్టుకోగా ఎవరూ చూడలేదు. కానీ నాతో ఒకసారి అన్నాడు, ప్రావిన్స్ జట్టులోకి తీసుకుంటే వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి అడుగుతానని. మోపులెత్తేవాడిగా ఆ గుమ్మం ఎక్కలేనన్నాడు. ఆ మాట నేను ఒతీలియాకు చేరవేశాను. ఆ వారం లాబులో ఆమె రెండు గొట్టాలు పగలగొట్టిందట.

ఇప్పుడు నా పాపం చెప్పాలి. ఒక ఆదివారం లిబ్రాదో మూడో బేస్ వెనక దాకా పరిగెత్తి ఒక బంతికి వేళ్ళు తగిలించాడు, ఆగలేదు. ఒతీలియా అరచెయ్యి చాపింది, న్యాయంగానే. ఆట అయ్యాక చెరుకు రసం బండి దగ్గర అందరం ఉన్నాం. నాకు నోటిదూల.

"ఏమ్మా ఒతీలియా, లిబ్రాదో పేరొచ్చేసరికి నీ పెన్సిలు మెత్తబడుతోందేంటి?" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. ఫెర్మిన్ అయితే రసం ముక్కులోకి పోయి చచ్చేంత దగ్గాడు. ఒతీలియా ముఖం ఎర్రబడింది. గ్లాసు సగంలో పెట్టేసి ఇంటికెళ్ళిపోయింది.

తరవాతి ఆదివారం నుంచి లిబ్రాదో చేతికి తగిలి జారిన ప్రతి బంతికీ పిడికిలే. ఇంకెవరూ దరిదాపులకు కూడా వెళ్ళలేని బంతులవి. అదే బంతిని అవతలి జట్టు షార్ట్‌స్టాప్ నిలబడి చూస్తూ వదిలేస్తే హిట్టు, వాడికి మచ్చ లేదు. పరిగెత్తి వేలు తగిలించినవాడికి తప్పు. లిబ్రాదో ఆ పిడికిలి చూసి, టోపీ సర్దుకుని తన చోటికి వెళ్ళేవాడు. ఒకసారి ఉండబట్టలేక ఇదేం న్యాయమని అడిగాను. "అతను పట్టగలడు. పట్టగలిగింది వదిలితే తప్పే కదా" అంది. పైగా అది అతన్ని మెచ్చుకోవడమని ఆమె ఉద్దేశం. ఇంకెవర్నీ ఆమె అంత ఎత్తున పెట్టి కొలవలేదు.

ఆ సీజన్ చివర ప్రావిన్స్ జట్టుకు ఆటగాళ్ళను ఎంచడానికి ఎవెలియో అనే ఆయన వచ్చాడు. షార్ట్‌స్టాప్ ఒక్కడే కావాలి. మా లిబ్రాదోనా, పక్క మిల్లు ఒవీదియోనా అన్నది తేలాలి. ఆయన ఆట చూద్దామనే వచ్చాడు, పాపం. మూడు రోజులు కుండపోత వాన. మైదానంలో మోకాలు దిగబడే బురద. చివరికి మిల్లు భోజనశాలలో రెండు మిల్లుల పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాడు. ఒతీలియా ఎదురుగా కూర్చుంది. నేనూ, ఫెర్మిన్, ఇంకో నలుగురూ కాఫీ కప్పులు పట్టుకుని గోడవారగా నిలబడ్డాం.

ముప్ఫై ఆటలు. లిబ్రాదోవి ఇరవైయొక్క తప్పులు, ఒవీదియోవి ఏడు. ఎవెలియో లెక్కవేశాడు. చేతికొచ్చిన బంతుల్లో లిబ్రాదో నూటికి తొంభై సరిగ్గా ఆడాడు, ఒవీదియో తొంభైనాలుగు.

"కామ్రేడ్, ఈ ఫెర్మిన్ సంగతి విన్నాను. మీ పుస్తకం మీద నాకు గౌరవం" అన్నాడు ఆయన. "ఈ ఇరవైయొక్క తప్పుల గురించి మీరేమైనా చెప్పాలా?"

ఒతీలియా మా వైపు చూసింది. ఫెర్మిన్ ముఖంలో చెరుకు రసం బండి నాటి ఆ వెధవ నవ్వు. నా ముఖంలో ఏముందో నాకు తెలియదు, అదీ అంతే అయ్యుంటుంది. ఆమె తల దించుకుంది.

"పుస్తకంలో ఉన్నదే. నేను చెప్పేదేం లేదు" అంది.

నేనైనా నోరు విప్పొచ్చు కదా! ఊరికే జోకులెయ్యడానికి లేచే నోరు అప్పుడు లేవలేదు. ఫెర్మిన్ విషయంలో అబద్ధం చెప్పని అంకెలు లిబ్రాదో విషయంలో చెబుతాయా అనుకున్నాను. ఎవెలియో ఒవీదియో పేరు రాసుకుని వెళ్ళిపోయాడు. తప్పు ఆయనదీ కాదు. ఆయన ముందున్నది కాగితమే.

వారం తిరక్కుండా లిబ్రాదో ఊరు వదిలేశాడు. ఉత్తర తీరంలో వాళ్ళ మేనమామకు చేపల పడవ ఉంది, అక్కడికి. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నేను షిఫ్టులో ఉండి సాగనంపడానికి కూడా వెళ్ళలేదు.

ఒతీలియా పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. ఆదివారాలు వచ్చేది, రాసేది, వెళ్ళిపోయేది. జామ హల్వా మాత్రం మళ్ళీ ఆ బల్ల మీద నేను చూడలేదు. కొత్త షార్ట్‌స్టాప్ పక్కనుంచి బంతి దూసుకుపోయినప్పుడల్లా ఆమె ముందు బంతిని కాదు, ఆ ఖాళీని చూసేది. నేనూ దాన్నే చూసేవాణ్ణి.

ఎనిమిదేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం పాత పుస్తకాలు మోసుకుని మా ఇంటికొచ్చింది.

"పొట్టోడా, లిబ్రాదోకి జ్వరమొచ్చి మూడు ఆటలు రాలేదు, గుర్తుందా?" అంది. ఊళ్ళో నన్ను అలాగే పిలుస్తారు. "ఆ మూడు ఆటల్లో అతని చోటు మీదుగా పధ్నాలుగు బంతులు బయటికి పోయాయి. అతనున్నప్పుడు ఆటకి రెండు కూడా పోలేదు. నేను జారినవి లెక్కపెట్టాను. అందినవి లెక్కపెట్టలేదు."

అప్పుడు మొదలైంది. ఎవరు ఎన్ని వదిలారని కాక, ఎవరి చేతి మీదుగా ఎంతమంది అవుటయ్యారని ప్రతి ఆటా తిరగేసింది. అంతా ఆ పుస్తకంలోనే ఉంది, ఆమె చేత్తో రాసిందే. ఎవరూ ఆ వరుసలో కూడలేదు, అంతే. తీరా లెక్క తేలాక మళ్ళీ అనుమానం. మన బంతి విసిరేవాళ్ళ వల్ల అతని వైపు ఎక్కువ బంతులు వెళ్ళాయేమో? దాని కోసం నా లెక్క తీసింది, మూడో బేస్ వాడి లెక్క తీసింది. మాకేమీ ఎక్కువ రాలేదు. పక్క మిల్లు పుస్తకాలు మళ్ళీ కావాలంటే అక్కడ ఆట రాసే ముసలాయన ఇవ్వనన్నాడు. ఆయన పోయాక పదకొండో రోజున భార్య దగ్గరికెళ్ళి అడిగి తెచ్చుకుంది. ముప్ఫై ఆటల్లో లిబ్రాదో వల్ల అవుటైనవాళ్ళు నూట ఎనభైమూడు మంది. ఒవీదియో వల్ల నూట పదిహేడు. తప్పులన్నీ పోగా కూడా అరవై ఆరుమంది తేడా. ఆ కాగితం మా బల్ల మీద పెట్టి ఏడ్చింది. మా ఆవిడ కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు.

ఉత్తరం రాయమన్నాను. కాదు, చేతికిస్తానంది. ముందు ఇంకోసారి సరిచూడాలంది. తరవాత వాళ్ళ నాన్న మంచాన పడ్డాడు. తరవాత ఇంకోసారి సరిచూసింది. అలా ఏళ్ళు దొర్లిపోయాయి. మిల్లు కూడా మూతపడింది. నాకు ఒళ్ళు మండింది. "నీ లెక్క తేలేసరికి వాడు పోతాడు, నువ్వూ పోతావు. బయల్దేరు" అన్నాను. అప్పటికి లిబ్రాదో వెళ్ళి ముప్ఫైయొక్క ఏళ్ళు.

రెండు బస్సులు మారి ఆరు గంటలు ప్రయాణం. లిబ్రాదో ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మోకాళ్ళు పోయాయి, కర్ర లేనిదే లేవలేడు. మమ్మల్ని చూసి కర్ర కూడా మర్చిపోయి లేవబోయాడు. భార్య ఎల్వీరా మంచి మనిషి, వేయించిన చేప, అరటికాయ ముక్కలు పెట్టి తినేదాకా వదల్లేదు. అప్పుడు ఒతీలియా ఆ కాగితం తీసి ఇచ్చింది. అతను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అరవై ఆరేనా? నేను డెబ్బై అనుకున్నానే" అని నవ్వాడు. భార్యను పిలిచి చూపించాడు. "చూడవే, నేను బాగా ఆడేవాణ్ణంటే నమ్మేదానివి కాదు."

ఆమె నవ్వుతూ కంచాలు తీసుకుని లోపలికెళ్ళింది. ఒతీలియా అతన్ని చూడలేక వలను చూస్తూ, తప్పంతా తనదేననీ, ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే జట్టులో ఉండేవాడనీ ఏదో అనబోయింది.

"జట్టు సంగతి వదిలెయ్యి" అన్నాడు లిబ్రాదో. గొంతు తగ్గించాడు గానీ నాకు వినబడింది. "ఊరొదిలిన రోజు నేను మొదటి బస్సుకే వెళ్ళాల్సింది. మూడు బస్సులు వదిలేశాను. నువ్వొస్తావేమోనని."

"రావడానికి అప్పుడు నా దగ్గరేముంది? నీ ఇరవైయొక్క తప్పులు తప్ప."

"అవి నాకు తెలియనివా? నువ్వొస్తే చాలనుకున్నాను."

ఎల్వీరా ఎండు చేపలు మూటకట్టి ఇచ్చింది. తిరుగు బస్సులో ఒతీలియా కిటికీ పక్కన కూర్చుంది. కునుకు తీస్తోందనుకున్నాను.

"మా లాబు కిటికీ బస్సులు ఆగే చోటుకి ఎదురుగానే ఉండేది" అంది, నావైపు తిరక్కుండా. "ఆ రోజు నాలుగు బస్సులూ వచ్చి ఆగడం విన్నాను. నాలుగోది చాలాసేపు ఆగింది."